ఎపాక్సీ జిగురును ఎంతవరకు నమ్మవచ్చును?

తుమ్మబంకతో కాగితాలను, అన్నం మెతుకులతో గాలిపటాలను, లక్కతో కత్తి పిడులను అతికించుకొన్న తరాలకు రెండు ట్యూబుల అరాల్డైట్ ఒక వింతగానే తోచింది. చెరొక ట్యూబు నుండి బఠాణీ గింజంత తీసి, అగ్గిపుల్లతో కలిపి, విరిగిన వస్తువుకు పూసి, మరునాటి దాకా కదపకుండా ఉంచితే చాలు. గాజు, పింగాణీ, ఇనుము అన్న భేదం లేకుండా అన్నీ అతుక్కొనేవి. 1946లో స్విట్జర్లాండులో తొలిసారి ప్రదర్శించబడిన ఈ ఎపాక్సీ జిగురు కొన్ని దశాబ్దాలలోనే తెలుగునాట బల్ల సొరుగులలో చోటు సంపాదించుకొన్నది. దానితో పాటు ఒక నమ్మకం కూడ స్థిరపడింది: ఇది అతికించలేనిది లేదు అని. ఆ నమ్మకం ప్రవాసులతో పాటు సముద్రాలు దాటి వచ్చింది. అమెరికాలోని తెలుగువారి గరాజులలో నేడు ఉక్కుపొడి కలిపిన ఎపాక్సీలు, అయిదు నిమిషాలలో గట్టిపడే ఎపాక్సీలు, పిండిముద్దవలె పిసికి అద్దే ఎపాక్సీలు వరుసగా కొలువుతీరి కనిపిస్తాయి.

విరిగిన కప్పుకు, ఊడిన పిడికి ఈ నమ్మకం వలన నష్టమేమీ లేదు. అతుకు వీడితే కప్పు మళ్ళీ విరుగుతుంది, అంతే. కాని అదే జిగురును పీడనంలో ఉన్న వాయువును బంధించే పనికి నియోగించినప్పుడు విషయం మారిపోతుంది. ఎనిమిదవ తరగతి చదివే పిల్లవాడు సైన్సు ఫెయిర్ కోసం గాలి ఒత్తిడితో కాగితపు రాకెట్టును ఎగురవేసే యంత్రాన్ని తలపెట్టాడనుకొందాం. ఒక చిన్న లోహపు గాలిడబ్బా, అర అంగుళపు రాగి గొట్టం, ఇత్తడి ఫిట్టింగు, సైకిలు పంపు తగిలించే వాల్వు సమకూరుతాయి. తీరా చూస్తే గొట్టానికి, ఫిట్టింగుకు కొలత కుదరదు. ఒకదాని మరలు అమెరికను కొలతవి, రెండవదానివి మెట్రిక్ కొలతవి. ఫెయిర్ సోమవారం, నేడు శనివారం. అటువంటి వేళ తండ్రి చేయి తనంత తానుగా ఎపాక్సీ ట్యూబు వైపు సాగుతుంది. అక్వేరియంలో మొక్కలకు కార్బన్ డయాక్సైడు పంపే అమరికలోను, బొమ్మ ఆవిరియంత్రంలోను ఇదే ఘట్టం ఎదురవుతుంది.

ఈ ఘట్టంలో గుర్తుంచుకొనవలసిన సూత్రం ఒక్కటే. అతుకు చేయవలసిన పనులు రెండు: బరువును మోయడం ఒకటి, కారకుండా మూయడం రెండవది. మోసే పని లోహానికి అప్పగించాలి. మూసే పని మాత్రమే జిగురుకు ఇవ్వాలి. రెండు పనులనూ ఒక్క జిగురు మీదనే మోపడం, అందునా సంపీడిత వాయువు విషయంలో, విజ్ఞత అనిపించుకొనదు.

ఈ సూత్రానికి నిదర్శనం ప్రతి తెలుగు వంటింటిలోను ఉన్నది. ప్రెషర్ కుక్కరు లోపల ఆవిరి పీడనం బయటి గాలి కంటె చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము మాత్రమే అధికం. అయినను ఇరవై సెంటీమీటర్ల వ్యాసం గల మూత మీద పడే మొత్తం బలం మూడు వందల కిలోలకు పైమాటే. ఆ బలాన్ని మోసేది రబ్బరు గాస్కెట్టు కాదు. అంచున ఒకదానిలో ఒకటి చిక్కుకొనే లోహపు కొక్కేలు. కొన్ని కుక్కర్లలో మూత లోపలి నుండి అంచుకు ఆనుకొని, ఆవిరి ఎంత తోస్తే అంత బిగుసుకొంటుంది. రబ్బరు చేసేది సందును మూయడం మాత్రమే. అందువల్లనే గాస్కెట్టు పాతబడితే ఆవిరి కారుతుంది గాని మూత ఎగిరిపోదు. కారడం వేరు, ఊడడం వేరు. కుక్కరును రూపొందించినవారు ఈ రెండింటినీ వేరుచేశారు. గరాజులో జిగురు పూసేవారు తరచుగా వాటిని కలిపివేస్తారు.

దీనికి విద్యావంతుడైన తండ్రి వద్ద ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. అది లెక్కతో కూడిన సమాధానం గనుక దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. జిగురు పెట్టె మీద చదరపు అంగుళానికి మూడు, నాలుగు వేల పౌన్ల బలమని ముద్రించి ఉంటుంది. అర అంగుళపు గొట్టాన్ని ఫిట్టింగులోనికి అర అంగుళం లోతున దూర్చి అతికిస్తే జిగురు పరచుకొనే వైశాల్యం ముప్పాతిక చదరపు అంగుళానికి కొంచెం ఎక్కువ. అనగా ఆ అతుకు కాగితం మీద రెండు వేల పౌన్లకు పైగా భరించాలి. చదరపు అంగుళానికి 100 పౌన్ల పీడనంలో గొట్టాన్ని బయటికి నెట్టే బలమో, ఇరవై పౌన్లు మాత్రమే. నూరు రెట్ల భద్రత! ఇంకేమి కావాలి?

లెక్కలో తప్పు లేదు. తప్పు ఆ మొదటి సంఖ్యను అర్థం చేసుకొనడంలో ఉన్నది. పెట్టె మీది సంఖ్య జిగురు గుణమే గాని అతుకు గుణం కాదు. శుభ్రపరచి, గరుకుచేసి, నిర్ణీతమైన మందంలో జిగురు పూసి, పూర్తిగా గట్టిపడిన తరువాత, గది ఉష్ణోగ్రత వద్ద, కొద్ది నిమిషాలలో లాగి తెంపిన నమూనాలు ఇచ్చే సంఖ్య అది. గరాజులోని అతుకు ఈ నియమాలలో దాదాపు దేనినీ పాటించదు.

ఎపాక్సీ లోహానికి ఎట్లా పట్టుకొంటుందో తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఎపాక్సీ అణువు కొనలలో రెండు కార్బను పరమాణువులు, ఒక ఆక్సిజను కలిసి ఏర్పడిన ముక్కోణపు వలయం ఉంటుంది. వంచి కట్టిన వెదురుబద్దవలె ఆ వలయం విప్పుకొనడానికి సిద్ధంగా ఉంటుంది. రెండవ ట్యూబులోని అమీను దానిని తాకగానే వలయం తెరుచుకొని బంధం ఏర్పడుతుంది. ఇటువంటి బంధాలు అన్ని దిక్కులకు అల్లుకొని ఒకే జాలంగా మారినప్పుడు జిగురు గట్టిపడుతుంది. ఇందులో ఎపాక్సీకి, అమీనుకు నిర్ణీతమైన పాళ్ళున్నవి. త్వరగా గట్టిపడుతుందన్న ఆశతో హార్డెనర్ ఎక్కువ పోస్తే జతలేని అమీను మిగిలిపోయి జాలం బలహీనపడుతుందే గాని మేలు జరగదు.

వలయం విప్పుకొన్న చోట ఏర్పడే హైడ్రాక్సిల్ సమూహాలు లోహాన్ని పట్టుకొంటాయి. సరిగా చెప్పాలంటే అవి పట్టుకొనేది లోహాన్ని కాదు, లోహం మీది ఆక్సైడు పొరను. ఆ పొర వదులుగా ఉంటే ఎంత గొప్ప జిగురైనా వదులు పొరకే అతుక్కొని దానితోనే ఊడివస్తుంది. దాని మీద చేతి చమురు, గొట్టం తయారీలో వాడిన నూనె ఉంటే జిగురు నూనెకు అతుక్కొంటుంది. పరీక్ష సులభమే. శుభ్రపరచిన లోహం మీద నీరు పోస్తే పలుచని పొరగా పరచుకొనాలి. తామరాకు మీది బొట్టువలె ముత్యాలై జారిపోతే ఆ లోహం ఇంకా జిగురుకు సిద్ధం కాలేదు. ఈ చిన్న పరీక్ష చేసి అతికించే గృహస్థులు అరుదు.

ఇక బలం అతుకు అంతటా సమంగా పడుతుందన్నది రెండవ భ్రమ. ఒకదానిలో ఒకటి దూర్చిన అతుకులో భారమంతా రెండు కొనలలోనే కేంద్రీకృతమవుతుంది. నడిమి భాగం మోసేది స్వల్పం. అందుచేత దూర్చిన లోతును రెట్టింపు చేసినంత మాత్రాన బలం రెట్టింపు కాదు. ఎవరైనా గొట్టాన్ని పక్కకు వంచితే కొనలో చీలిక పుట్టి తొక్క ఒలిచినట్లు లోపలికి సాగుతుంది. నిలువు లాగుడును తట్టుకొనే ఎపాక్సీకి ఈ ఒలుపును తట్టుకొనే శక్తి చాలా తక్కువ.

మూడవది కాలం. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన సామాన్యపు ఎపాక్సీలు 50, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద గాజుదనం కోల్పోయి మెత్తబడతాయి. టెక్సస్, అరిజోనా రాష్ట్రాలలోనో, గల్ఫు దేశాలలోనో వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి మామూలే. ఉష్ణోగ్రత మారినప్పుడు లోహం కంటె ఎపాక్సీ రెండు నుండి నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. ప్రతి పగలూ రాత్రీ అతుకు మీద ఆ పెనుగులాట సాగుతూనే ఉంటుంది. గాలిలోని తేమ అంచుల నుండి మెల్లగా ప్రవేశించి ఆక్సైడు పొరను మార్చివేస్తుంది. ఎడతెగని భారం కింద జిగురు కంటికి తెలియకుండ జరుగుతూ పోతుంది.

ఇవి ప్రయోగశాలల ఊహలు కావు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో హీలో నుండి హొనొలూలు వెళ్తున్న అలోహా సంస్థవారి బోయింగ్ 737 విమానానికి 24,000 అడుగుల ఎత్తున పైకప్పులో పెద్ద భాగం ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక మరణించింది. విమానమంటే పీడనంలో ఉన్న లోహపు గొట్టమే కదా! ఆ నమూనాలో రేకుల అతుకులను ఎపాక్సీ పట్టిన బట్టతో అతికించి రివెట్లు కూడ కొట్టారు. భారాన్ని జిగురు మోస్తుందన్నది రూపకర్తల ఉద్దేశం. సముద్రపు తేమలో, 89,000 పైచిలుకు ప్రయాణాలలో జిగురు వీడిపోయింది. ఆ భారమంతా, దానిని ఒంటరిగా మోయడానికి ఉద్దేశింపబడని రివెట్ల మీద పడింది. రివెట్ల రంధ్రాల వద్ద సన్నని పగుళ్ళు పుట్టి, ఒకటితో ఒకటి కలిసి, చివరకు రేకే చీలిపోయింది. లోహం కూడ ఉన్నది గదా అన్నది చాలదు. జిగురు పూర్తిగా వీడినా తానొక్కటే మోయగల లోహం ఉండాలన్నది ఆ ప్రమాదం నేర్పిన పాఠం.

2006 జూలై 10న బోస్టన్ నగరంలో సొరంగమార్గపు కప్పు నుండి ఇరవైకి పైగా టన్నుల కాంక్రీటు పలకలు ఒక కారు మీద కూలి ఒక స్త్రీ మరణించింది. ఆ పలకలను వేలాడదీసిన బోల్టులను కాంక్రీటులో ఎపాక్సీతో నిలిపారు. అమర్చినప్పుడు వాటిని లాగి పరీక్షించారు; అవి నిలిచాయి. కాని త్వరగా గట్టిపడే ఆ ఎపాక్సీ ఎడతెగని భారాన్ని ఏండ్ల తరబడి ఓర్చుకొనలేదని మరుసటి ఏడు దర్యాప్తు తేల్చింది. ఒకనాటి పరీక్ష ఆనాటికి మాత్రమే సాక్ష్యం.

అలాగని ఎపాక్సీని నిందించడం న్యాయం కాదు. ఆధునిక విమానాలు దాని మీద ఆధారపడి ఎగురుతున్నవి. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు అల్యూమినియం చట్రాన్ని ఎపాక్సీతోనే అతికించారు. అయితే అక్కడ లోహపు ఉపరితలాన్ని రసాయనికంగా సిద్ధపరచారు, జిగురును వేడిలో పక్వం చేశారు. అంతటితో ఆగక, కొనలు ఒలుచుకొని పోకుండా లోహపు బిగింపులు కూడ వేశారు. జిగురు శాస్త్రాన్ని ఔపోసన పట్టినవారే జిగురుకు తోడు కావాలన్నారంటే, గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది అతికించేవారు మరెంత జాగ్రత్త వహించాలి!

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ఒకటున్నది. నూరు రెట్ల భద్రతలో తొంభై పాళ్ళు పోయినా పది రెట్లు మిగులుతుంది కదా అని అడగవచ్చును. జిగురు చక్కగా పట్టిన అతుకు విషయంలో ఇది నిజమే. కాని అతుకు పట్టినదో లేదో చెప్పేదెవరు? మరల అతుకులో ఎన్ని చుట్లు బిగిశాయో లెక్కించవచ్చును. టంకం వేస్తే కరిగిన లోహం అంచు చుట్టూ మెరిసే వలయంగా కనిపిస్తుంది. జిగురు అతుకులో, నూనె మీద పరచుకొన్న జిగురు, శుద్ధమైన లోహాన్ని పట్టుకొన్న జిగురు పైకి ఒక్కతీరుగానే ఉంటాయి. అతుకును పగలగొట్టకుండ దాని బలాన్ని కొలిచే నమ్మదగిన సాధనం నేటికీ లేదు. చూడవీలులేని భద్రతను నూరని చెప్పినా, పది అని చెప్పినా అది కేవలం విశ్వాసమే అవుతుంది.

సైకిలు టైరులో కూడ 100 పౌన్ల పీడనం ఉంటుంది, అదేమి ప్రమాదం అనేవారూ ఉన్నారు. సామాన్యపు సైకిలు టైరు అంచులోని తీగచుట్టు చక్రపు గాడిలో చిక్కుకొని బలాన్ని మోస్తుంది. అక్కడ జిగురుకు పనే లేదు. పైగా ప్రమాదాన్ని నిర్ణయించేది పీడనం ఒక్కటే కాదు. ఎంత వాయువు ఆ పీడనంలో ఉన్నదన్నది కూడ. రెండు లీటర్ల డబ్బాలో 100 పౌన్ల పీడనానికి నింపిన గాలి ఒక్కసారిగా విడుదలైతే వెయ్యి జౌళ్ళ పైచిలుకు శక్తి వెలువడుతుంది. ఇండియన్ గ్రోసరీలో కొనే ఇరవై పౌన్ల బియ్యం సంచి మూడంతస్తుల మేడ పైనుండి పడినంత దెబ్బ అది. అదే డబ్బాలో అదే పీడనంలో నీరు ఉంటే దానిలో దాగిన శక్తి ఒక్క జౌలులో నాల్గవ వంతుకు మించదు. నీరు కుదించబడదు గనుక సందు దొరకగానే పీడనం చప్పున పడిపోతుంది. గాలి మాత్రం చివరిదాకా తోస్తూనే ఉంటుంది. ఇక కార్బన్ డయాక్సైడు సిలిండరులో 21 డిగ్రీల వద్దనే చదరపు అంగుళానికి 850 పౌన్ల వరకు పీడనం ఉంటుంది. అర అంగుళపు గొట్టం మీద అది 160 పౌన్లకు పైబడిన తోపు. వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అక్కడ ఇంటి జిగురు పేరే ఎత్తరాదు.

మరి చేయవలసినదేమి? సరైన ఫిట్టింగును వెదకడం మొదటిది. గొట్టం చుట్టూ లోహపు ఉంగరాన్ని బిగించి పట్టుకొనే కంప్రెషన్ ఫిట్టింగులు, గొట్టపు కొనను గరాటువలె విప్పి నట్టుతో బిగించే ఫ్లేర్ ఫిట్టింగులు, ఒక కొలత మరలను వేరొక కొలతకు కలిపే అడాప్టర్లు హార్డ్‌వేర్ దుకాణాలలో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. రాగికి, ఇత్తడికి టంకం ఉన్నది. ఆవిరియంత్రాల బాయిలర్లకు వెండి కలిసిన గట్టి టంకం ఉన్నది. జిగురే వాడదలిస్తే గొట్టం బయటికి జారకుండా కొనను విప్పడమో, లోపలి నుండి ఆనే అంచు ఉంచడమో, పట్టీతో బంధించడమో చేసి, ఆ తరువాత సందును మూయడానికి మాత్రమే దానిని వాడాలి. జిగురు లేకుండానే కూర్చి లాగి చూడాలి. జిగురు లేనప్పుడు గాలి కారవచ్చును గాని గొట్టం కదలరాదు. అప్పుడే ఆ కూర్పు సరియైనది.

అతికించే పద్ధతిలోనూ తొందర పనికిరాదు. అసిటోనుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ తుడిచి, నీటి పరీక్షలో నెగ్గిన లోహాన్ని బాగా ఆరబెట్టి వెంటనే జిగురు పూయాలి. అయిదు నిమిషాల రకాల కంటె ఒక రోజు తీసుకొనే రకాలు వేడికి, తేమకు మెరుగుగా నిలుస్తాయి. గట్టిపడిన తరువాత గాలి నింపకముందు అమరికలో గాలిబుడగ లేకుండా నీరు నింపి, పని పీడనానికి రెట్టింపు వరకు చేతిపంపుతో ఎక్కించి చూడాలి. బొమ్మ ఆవిరియంత్రాలు చేసే సంఘాలవారు కొత్త బాయిలరుకు ఇటువంటి నీటి పరీక్షనే విధిస్తారు; అభిరుచి పనిలోనూ క్రమశిక్షణ ఉండవచ్చునని చెప్పడానికి వారే సాక్షులు. పీడనం మితిమీరితే తెరుచుకొనే రిలీఫ్ వాల్వు, కొలిచే గేజి, కంటికి రక్షణ ఉండి తీరాలి. గొట్టం చూసే దిక్కున ఎవరూ నిలబడరాదు; అందునా పిల్లలు.

ప్రవాసాంధ్ర కుటుంబాలలో పిల్లల చదువుకు కొదువ లేదు. గణితం పోటీలకు, స్పెల్లింగ్ పోటీలకు, సంగీత నృత్యాలకు శనివారాలు ధారపోస్తున్నారు. కాని ఒక అంగుళం గొట్టాన్ని సరిగా కోసి, ఫ్లేర్ చేసి, బిగించడం నేర్పే తావు మాత్రం లేదు. తెలుగు సంఘాలలో విశ్రాంత ఇంజనీర్లు, కర్మాగారాలలో ఏండ్ల తరబడి పనిచేసినవారు ఎందరో ఉన్నారు. సంవత్సరానికి ఒక్క పూట వారి చేత పిల్లలకు గొట్టాలు కలపడం, టంకం వేయడం, నీటితో పరీక్షించడం నేర్పించితే సంఘానికి పెద్ద ఖర్చు కాదు. తలిదండ్రులు కూడ పక్కన కూర్చొని నేర్చుకొనవచ్చును.

పెట్టె మీది సంఖ్యను చదవడం సులభం. ఈ అతుకు వీడితే ఏమి ఊడుతుంది, ఎటు వెళ్తుంది, అప్పుడు అక్కడ ఎవరుంటారు అని ముందుగా అడగడం కష్టం. సైన్సు ఫెయిర్‌లో బహుమతి వచ్చినా రాకపోయినా, ఆ ప్రశ్న అడిగే అలవాటు పిల్లవానికి అబ్బితే ఆ శనివారం వ్యర్థం కాలేదన్నమాటే. ఆ అలవాటు ముందు తండ్రికి ఉండాలి. కొలత కుదరని ఫిట్టింగు ఎదురైనప్పుడు ట్యూబు మూత తీయకముందు దుకాణానికి వెళ్ళి రావడమే దానికి తగిన ఆరంభం.